మాజీ సైనికుని ఇంట మందుల సదుపాయము

ధర్మవరమునుండి పెనుకొండ, హిందూపురముల మీదుగా బెంగుళూరు పోవు రైలుమార్గమునకు ఇరుప్రక్కల గల గ్రామములలో సైన్యమున పనిచేసి వచ్చినవారి ఇండ్లు కొన్ని కలవు. యుద్ధకాలమున వీరిని తలచుకొనుట అందరికిని సహజమే. కాని వయస్సు మీరి రక్తపోటు, మధుమేహము పైబడినప్పుడు వారి మందుల సంగతి విచారించువారు అరుదు. ఖర్చునకు జంకి మాత్రలు మానివేసినచో పక్షవాతము, మూత్రపిండముల వ్యాధి వంటి ఆపదలు రాగలవు. సదుపాయములు కలవు, ఎవరికి ఏది వర్తించునో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

సేవలో ఉన్నవారి కుటుంబములు

ప్రస్తుతము సైన్యమున పనిచేయుచున్న వారి భార్యాబిడ్డలకు, వారిపై ఆధారపడిన తల్లిదండ్రులకు సైనిక ఆసుపత్రులలో చికిత్సయు, మందులును ఉచితముగా లభించును. మన ప్రాంతమువారు బెంగుళూరులోని వైమానికదళ కమాండ్ ఆసుపత్రికి పోవచ్చును. ఆధారితుల గుర్తింపు కార్డు తప్పక ఉండవలెను.

పింఛను పొందువారు

వీరికై మాజీ సైనికుల చందాదారీ ఆరోగ్య పథకము 2003 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దీనినే ఇ.సి.హెచ్.ఎస్. అందురు. సైనిక పింఛను, కుటుంబ పింఛను, అంగవైకల్య పింఛను పొందువారు ఇందు చేరవచ్చును. ఆ తేదీనుండి పింఛనుతో విరమించినవారికి సభ్యత్వము తప్పనిసరి. చందా ఒక్కసారి మాత్రమే చెల్లించవలెను. 1996 జనవరి 1కి పూర్వము విరమించినవారికిని, యుద్ధమున భర్తను కోల్పోయిన స్త్రీలకును చందా లేదు. వయఃపరిమితి లేదు, పూర్వమునుండి ఉన్న వ్యాధికిని చికిత్స కలదు.

2003 ఏప్రిల్‌కు పూర్వము విరమించినవారు పథకములో చేరక, పింఛనుతోపాటు నెలకు స్థిర వైద్యభత్యము పొందుటకు కోరుకొనవచ్చును. 2017 జులై 1 నుండి ఇది 1,000 రూపాయలు. పథకములో చేరినచో భత్యము నిలిచిపోవును. ఆరోగ్యవంతునకు భత్యము లాభమని తోచును గాని, దీర్ఘవ్యాధి గలవానికి ఆ సొమ్ము చాలకపోవచ్చును.

మందు చేతికి వచ్చు విధము

సభ్యుడు కార్డుతో పాలిక్లినిక్‌కు పోవలెను. అచ్చటి వైద్యుడు వ్రాసిన మందును అచ్చటనే ఇత్తురు. ఆ మందు నిల్వ లేనిచో, లేదని చీటీపై వ్రాయించుకొని, పాలిక్లినిక్‌వారు చెప్పిన పద్ధతినే కొనవలెను. తనకు తోచిన అంగడిలో ముందుగా కొని, పిమ్మట రశీదు చూపినంతమాత్రమున సొమ్ము రాదు. ప్రాణాపాయమున ఏ ఆసుపత్రిలోనైన చేరవచ్చును గాని, 48 గంటలలోగా పాలిక్లినిక్‌కు తెలియజేయవలెను.

పింఛను లేనివారు

పింఛనుకు తగిన సేవాకాలము పూర్తికాక వచ్చినవారికి సామాన్యముగా ఈ పథకము వర్తించదు. 2022లో ప్రారంభమైన అగ్నిపథ్ నిబంధనల ప్రకారము నాలుగేండ్ల అనంతరము తిరిగివచ్చు యువకులదియు ఇదే స్థితి. పింఛను లేని మాజీ సైనికులలో హవల్దారు, అంతకు తక్కువ హోదాలవారికి కేంద్రీయ సైనిక బోర్డు, పతాకదిన నిధినుండి వైద్యసహాయము చేయుచున్నది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రక్తపోటు, మధుమేహముల మాత్రలు ఉచితముగా లభించును. జన ఔషధి దుకాణములలో వెల తక్కువ. డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ ముఖ్యముగా ఆసుపత్రి చికిత్సకు ఉద్దేశింపబడినది. నిత్యము వేసికొను మాత్రలకు దానిపై ఆధారపడరాదు.

ఒక ఉదాహరణము

పెనుకొండ సమీప గ్రామమున పింఛనుదారుడగు హవల్దారు మరణించెననుకొందము. ఆయన పథకములో సభ్యుడే. భార్యకు మధుమేహము కలదు. కాని ఆమె పేరు సైనిక రికార్డులలో ఒకవిధముగను, ఆధార్‌లో మరియొక విధముగను ఉన్నది. కుటుంబ పింఛను ఆగినది. కార్డు మార్పును ఆగినది. చదువురాని ఆమె ఒక నెల మాత్రలు రెండు నెలలకు సరిపెట్టుకొనుచున్నది. భర్త చెల్లించిన చందా ఆమెకును రక్షణయే, మరల చెల్లింపనక్కరలేదు. ఆమెకు అడ్డువచ్చినది ఒక్క అక్షరభేదము. భర్త జీవించియున్నప్పుడే దానిని సరిచేయించియున్నచో ఈ దుస్థితి కలిగెడిది కాదు.

పంచాయతీ చేయవలసిన పని

గ్రామములోని సైనిక కుటుంబముల పట్టిక వ్రాయుడు. ప్రతి ఇంట మూడు ప్రశ్నలు అడుగుడు: పింఛను కలదా? కార్డు కలదా? భార్య పేరు పింఛను ఉత్తర్వులోను, ఆధార్‌లోను ఒక్కతీరున ఉన్నదా? లోపమున్నచో దరఖాస్తు వ్రాసియిచ్చి, అనంతపురములోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు పంపుడు. తమకు చేరువైన పాలిక్లినిక్ ఏదియో అచ్చటనే తెలిసికొనవచ్చును. హిందూపురమువారికి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లే గనుక, అచ్చటి పాలిక్లినిక్‌లను గూర్చియు విచారింపవచ్చును. ఒంటరి వృద్ధురాలు ప్రయాణము చేయవలసివచ్చినచో ఊరి యువకుని ఒకనిని తోడుగా పంపుడు.

ఏటేట డిసెంబరు 7వ తేదీన, 1949 నుండి, సాయుధదళాల పతాకదినము జరుగుచున్నది. ఆనాడు చందా వసూలుతోపాటు ఈ పట్టికను సరిచూచుట ఆచారము చేసికొన్నచో, దేశమును కాచినవాని ఇంట మందు లేదను మాట మన గ్రామమున వినబడదు.

చర్చకు ప్రశ్నలు

1. మీ గ్రామమున పింఛను పొందు సైనిక కుటుంబములు ఎన్ని? పింఛను లేనివి ఎన్ని?
2. భత్యము, పథకము: దీర్ఘవ్యాధి గలవానికి ఏది మేలు? ఎందుచేత?
3. భర్తను కోల్పోయిన స్త్రీకి కార్డు మార్పించుటకు మీలో ఎవరు బాధ్యత వహింతురు?