‘ఎస్’ సంపుటి కోసం ఎదురుచూసిన కుర్రాడు

ఈ నెల మీరూ పిల్లలూ కలిసి వినడానికి ఒక స్ట్రింగ్ క్వార్టెట్‌ను ఎంచుకున్నాం. ఇందులో రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసి వాయిస్తారు. పాటగాడు ఉండడు, తాళవాద్యం ఉండదు. నాలుగు వాద్యాలే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి.

రచన: డి మేజర్ క్వార్టెట్, 1897. స్వరకర్త ఆర్నాల్డ్ షోన్‌బర్గ్. అప్పటికి అతని వయసు 23.

షోన్‌బర్గ్ 1874లో వియన్నాలో పుట్టాడు. తండ్రికి చెప్పుల దుకాణం ఉండేది. 15 ఏళ్ల వయసులో తండ్రి పోవడంతో, కొంతకాలానికే చదువు మానేసి బ్యాంకు గుమస్తాగా చేరాల్సి వచ్చింది. సంగీత కళాశాల మెట్లు ఎక్కలేదు. వాళ్ల ఇంట్లో వాయిదాల మీద ఒక ఎన్‌సైక్లోపీడియా కొనేవారు. ‘సొనాటా’ ఎలా నిర్మించాలో తెలుసుకోవడానికి ‘ఎస్’ అక్షరం సంపుటి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశానని తరువాత ఆయనే చెప్పాడు.

ఒక ఔత్సాహిక ఆర్కెస్ట్రాలో చెల్లో వాయిస్తున్నప్పుడు అలెగ్జాండర్ జెమ్లిన్‌స్కీ పరిచయమయ్యాడు. తనకంటే మూడేళ్లే పెద్ద. ఆయనే గురువయ్యాడు. క్వార్టెట్ చూసి, చాలా మార్చాలన్నాడు. షోన్‌బర్గ్ నొచ్చుకుని మూల కూర్చోలేదు. మొదటి, చివరి భాగాలను తిరగరాశాడు. రెండో భాగాన్ని పూర్తిగా తీసేసి కొత్తది పెట్టాడు. 1898లో వియన్నాలో వాయించినప్పుడు శ్రోతలు మెచ్చుకున్నారు.

తీసేసిన ఆ భాగం పాడయింది కాదు. అది ఈనాటికీ ఉంది, విడిగా వాయిస్తారు. బాగున్నదాన్ని కూడా మొత్తం రచన కోసం పక్కన పెట్టడం మార్కులు తెచ్చే పని కాదు గానీ, నేర్చుకోవడంలో అదే కష్టమైన మెట్టు.

ఇలా వినండి

1. మొదటి భాగం: హుషారుగా సాగుతుంది. బ్రామ్స్, ద్వొర్జాక్‌ల ప్రభావం స్పష్టంగా తెలుస్తుంది. ముందు పెద్దల దారిలో నడిచాకే షోన్‌బర్గ్ తన కొత్త దారి వేశాడు.

2. రెండో భాగం: నెమ్మది, సున్నితం. గురువు మాట విన్నాక కొత్తగా రాసింది ఇదే.

3. మూడో భాగం: ఒకే వరస, దాని మీద రకరకాల మార్పులు. మన కచేరీలో ఒకే పంక్తికి సంగతులు వేయడం గుర్తుకొస్తుంది, అయితే ఇక్కడ ప్రతి మార్పూ ముందే రాసి ఉంటుంది.

4. నాలుగో భాగం: మళ్లీ వేగం, ఉత్సాహం.

ఒక్కరోజే మొత్తం వినక్కర్లేదు. రోజుకో భాగం చాలు. చెల్లో ఎక్కడ ముందుకొచ్చిందో వేలెత్తి చూపమనండి.

తరువాత పిల్లల నోటుబుక్కులో టీచరు ఎర్ర సిరాతో దిద్దిన ఒక పేజీ తీయండి. “మార్కులెందుకు తగ్గాయి?” అని కాకుండా, “దీన్ని మళ్లీ రాస్తే ఏది ఉంచుతావు, ఏది తీసేస్తావు?” అని అడగండి. వాళ్ల జవాబు పూర్తయ్యేదాకా మీరు మాట్లాడకండి.