షుగర్ ఉన్న పిల్లికి మత్తు ఇచ్చి పళ్ళు బాగుచేయించడం ఎలా?

నోటి నుంచి కుళ్ళు వాసన, కారే చొంగ, తినేటప్పుడు తల ఒక పక్కకు వంచడం, గట్టి గింజలు వదిలేసి గ్రేవీ మాత్రం నాకడం. ఇవన్నీ పిల్లికి పంటి నొప్పి ఉందనడానికి గుర్తులు. అది దవడ పట్టుకుని మూలగదు. ఆకలేస్తే నొప్పితోనే తింటుంది కాబట్టి ‘తింటోంది కదా’ అని సరిపెట్టుకోకూడదు. అదే పిల్లి రోజూ రెండు పూటలా ఇన్సులిన్ మీద ఉంటే, ఇంట్లో వాళ్ళు సహజంగానే వెనకాడతారు. షుగర్ పూర్తిగా అదుపులోకి వచ్చాక పళ్ళ సంగతి చూద్దాం అంటారు.

చిక్కంతా ఆ వాయిదాలోనే ఉంది. చీము పట్టిన చిగుళ్ళు ఒంట్లో ఇన్సులిన్ పనిచేయకుండా అడ్డుపడతాయి. నోరు బాగుపడితే తప్ప షుగర్ దిగదు, షుగర్ దిగితే తప్ప నోరు ముట్టుకోం అంటే ఏళ్ళు గడిచినా రెండూ కావు. మత్తు ఇవ్వడానికి షుగర్ అచ్చంగా మామూలుగా ఉండనక్కర్లేదు, కాస్త నిలకడగా ఉంటే చాలు. తప్పనిసరిగా వాయిదా వేయాల్సిన సందర్భాలు కొన్నే: మూత్రంలో కీటోన్లు కనిపించడం, వాంతులు, తిండి మానేయడం, ఒంట్లో నీరు తగ్గిపోవడం. అప్పుడు ముందు ఆ వైద్యమే జరగాలి.

మొదటి పని: పరీక్షలు, ప్రశ్నలు

తేదీ ఖాయం చేసుకునే ముందే రక్తం, మూత్రం చూపించాలి. కిడ్నీలు, కాలేయం, పొటాషియం, కీటోన్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్ తెలియాలి. ఫ్రక్టోసమిన్ పరీక్ష దొరికితే చేయించండి. ఆసుపత్రి టేబుల్ మీద భయంతోనే పిల్లి షుగర్ ఎగబాకుతుంది కాబట్టి ఆ ఒక్క అంకెను నమ్మలేం. ఫ్రక్టోసమిన్ గత రెండు మూడు వారాల సగటును చెబుతుంది. వయసు మళ్ళిన పిల్లికి బీపీ, థైరాయిడ్ కూడా చూడాలి. పైకి ఏమీ తెలియకుండానే గుండె కండరం మందంగా మారే జబ్బు పిల్లుల్లో ఉంది. డాక్టరు గుండె స్కాన్ అడిగితే అనవసరపు ఖర్చు అనుకోవద్దు.

వాడుతున్న మందులన్నీ చెప్పండి. నోటి పుండ్లకు ఇటీవల స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించి ఉంటే అది మరీ ముఖ్యం, ఎందుకంటే స్టెరాయిడ్ షుగర్‌ని పెంచుతుంది. ఇన్సులిన్ బదులు గ్లిఫ్లోజిన్ రకం మందు వాడుతుంటే దాన్ని ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరే చెప్పాలి. ఆ మందుతో షుగర్ అంకె బాగానే కనిపిస్తూ లోపల కీటోన్లు పెరిగే ప్రమాదం ఉంది.

మీరు అడగాల్సినవీ ఉన్నాయి. పళ్ళకు ఎక్స్‌రే తీస్తారా? పిల్లి పన్ను చిగురు కింద లోలోపలే కరిగిపోయే జబ్బు ఎక్స్‌రే లేకుండా చాలాసార్లు దొరకదు. శ్వాసగొట్టం వేస్తారా? మత్తులో ఉన్నంతసేపూ షుగర్‌ని అరగంటకోసారైనా చూస్తారా? నోరు తెరిచి ఉంచడానికి స్ప్రింగు పరికరం వాడతారా? ఈ చివరి ప్రశ్న చాలామందికి తోచదు. స్ప్రింగుతో పిల్లి నోరు బలంగా, చాలాసేపు తెరిచి ఉంచితే కళ్ళకూ మెదడుకూ రక్తం అందక, మత్తు దిగాక చూపు పోయిన ఉదంతాలు పశువైద్యంలో నమోదయ్యాయి. ఇక మత్తు లేకుండానే గార గీకేస్తామనే వాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. పన్ను పైపైన తెల్లబడుతుంది, చిగురు కింది చీము అలాగే ఉంటుంది. దగ్గర్లో ఈ వసతులు లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో విచారించండి.

ఇంట్లో సిద్ధం కావాల్సింది

ముందు సిరంజి సంగతి. మన మందుల షాపుల్లో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది: మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. వాటి సిరంజిలు కూడా వేరు. సాధారణంగా 40 రకానికి ఎర్ర మూత, 100 రకానికి నారింజ మూత ఉంటుంది. 100 బలం ఇన్సులిన్‌ని 40 సిరంజిలో రెండో గీత వరకు తీస్తే లోపలికి వెళ్ళేది 2 యూనిట్లు కాదు, 5. నాలుగైదు కిలోల పిల్లికి అది ప్రాణాంతకం కావచ్చు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ఇవాళే చూసుకోండి.

తర్వాత ఇంట్లోనే షుగర్ చూడటం నేర్చుకోవాలి. చెవికి గోరువెచ్చని దూదితో కాసేపు కాపడం పెట్టి, అంచు దగ్గరి సన్న నరం పక్కన గుచ్చితే ఒక్క చుక్క వస్తుంది, అది చాలు. గుచ్చాక కాసేపు ఒత్తి పట్టుకుని, ఏదైనా ఇష్టమైన మాంసపు ముక్క పెడితే మర్నాడు పారిపోదు. మనుషుల గ్లూకోమీటర్లు పిల్లి రక్తంలో షుగర్‌ని చాలావరకు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. అందుకే మీటరు మార్చకుండా ఒకటే వాడండి, అదేదో డాక్టరుకు చెప్పండి. కనీసం వారం ముందు నుంచి టైము, తిన్నది, యూనిట్లు, షుగర్ ఒక నోటుబుక్కులో రాయండి.

పిల్లిని తీసుకెళ్ళే బుట్టను కూడా వారం ముందే హాల్లో తెరిచి పెట్టి, అందులోనే తిండి పెడుతూ ఉంటే ప్రయాణం రోజు గోళ్ళ గాట్లు తప్పుతాయి.

ముందు రాత్రి, ఆ ఉదయం

ఆ రోజు మొదటి కేసుగా మీ పిల్లినే తీసుకోమని అడగండి. ముందు రాత్రి తిండి, ఇన్సులిన్ ఎప్పటిలాగే. నీళ్ళగిన్నె మాత్రం ఎప్పుడూ తీసేయొద్దు. రాత్రి నుంచి పస్తు ఉంచాలన్న పాత నియమం షుగర్ పిల్లికి మంచిది కాదు. అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ 2020 మార్గదర్శకాలు షుగర్ ఉన్న జంతువులకు ఈ పస్తును కొద్ది గంటలకు కుదించాయి. చాలామంది డాక్టర్లు తెల్లవారుజామున కొంచెం మెత్తటి తిండి పెట్టి, మామూలు ఇన్సులిన్‌లో సగం ఇవ్వమంటారు. మీ డాక్టరు ఏమంటారో కాగితం మీద రాయించుకోండి: ఎన్ని గంటలకు తిండి, ఏ అంకె ఉంటే ఎన్ని యూనిట్లు, ఏ అంకె కంటే తగ్గితే ఇవ్వకుండా ఫోన్ చేయాలి. అలవాటు కొద్దీ పూర్తి డోసు ఇవ్వడం, భయపడి మీ అంతట మీరే మానేయడం రెండూ తప్పే. అయితే ఒక్క పూట షుగర్ కాస్త ఎక్కువ ఉన్నా గడుస్తుంది, పడిపోతే మాత్రం కష్టం. మత్తులో ఉన్న పిల్లి తూలదు, వణకదు. షుగర్ పడిపోయిన సంగతి మీటరు చెబితేనే తెలుస్తుంది.

ఆ ఉదయం సూది ఎవరు వేస్తారో ముందే అనుకోండి. అమ్మ వేసిందని తెలియక అబ్బాయి మళ్ళీ వేయడం ఇళ్ళల్లో జరిగేదే. వేశామో లేదో అనుమానమొచ్చినా, మందు బొచ్చు మీద కారిపోయినా రెండోసారి వేయకండి.

దారిలో పిల్లి నీరసించి తూలుతుంటే చిగుళ్ళకు కాస్త తేనె రాసి ఆసుపత్రికి ఫోన్ చేయండి. నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇన్సులిన్, సిరంజిలు, నోటుబుక్కు, దానికి ఇష్టమైన తిండి వెంట తీసుకెళ్ళండి. అప్పగించేటప్పుడు చివరి తిండి, చివరి డోసు టైముతో సహా చెప్పండి.

ఇంటికి వచ్చాక

మత్తు దిగాక త్వరగా తినడం మొదలుపెట్టాలి. మెత్తగా ఉంటుంది కదా అని పెరుగన్నం, పాలన్నం పెట్టొద్దు, అన్నం షుగర్‌ని లేపుతుంది. గోరువెచ్చని మెత్తటి పిల్లి ఆహారం కానీ, ఉప్పూ ఉల్లీ వెల్లుల్లీ లేకుండా ఉడికించి పీచుగా చేసిన ఎముకల్లేని కోడిమాంసం కానీ పెట్టండి. సాయంత్రం సరిగా తినకపోతే డాక్టరును అడక్కుండా ఇన్సులిన్ వేయకండి. మర్నాటికీ ముట్టకపోతే తీసుకెళ్ళండి. రోజుల తరబడి తినని పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుని కొత్త జబ్బు మొదలవుతుంది.

నొప్పికి ఇంట్లో ఉన్న పారాసిటమాల్ అస్సలు వద్దు. పిల్లికి అది విషం, ఒక్క బిళ్ళ చంపగలదు.

ఆ తర్వాతి వారాలను తేలిగ్గా తీసుకునేవాళ్ళే ఎక్కువ. చీము పోయాక ఇన్సులిన్ మళ్ళీ బాగా పనిచేయడం మొదలవుతుంది. నిన్నటిదాకా సరిపోయిన డోసే ఇప్పుడు ఎక్కువవుతుంది. అందుకే ప్రతి డోసుకు ముందు షుగర్ చూడండి, అంకెలు రోజురోజుకీ దిగుతుంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డోసు తగ్గించాలేమో డాక్టరును అడగండి. కొన్ని పిల్లులకు కొంతకాలానికి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది.