ఒట్టు – ఓటు

చదువు కేంద్రంలో టీచరమ్మ బోర్డు మీద రెండు మాటలు రాసింది. ఒట్టు. ఓటు. ఆడవాళ్ళు కూడబలుక్కుని చదివారు. అందరూ నవ్వారు. ఒక్కామె మాత్రం నవ్వలేదు. ఆమె ఒళ్ళో చిన్నపిల్ల మూలుగుతోంది.

"ఏమయింది వదినా?" అంది పక్కనామె.

ఆమె మెల్లగా చెప్పింది. అసెంబ్లీ ఎలక్షన్లు దగ్గర పడ్డాయి. రాత్రి ఒక పార్టీ వాళ్ళు ఇంటికొచ్చారు. వెంకటేశ్వర స్వామి పటం పెట్టి కర్పూరం వెలిగించారు. చేతిలో ఐదొందల నోటు పెట్టారు. "మా గుర్తుకే వేస్తానని పిల్లల మీద ఒట్టు పెట్టు. మాట తప్పితే స్వామి ఊరుకోడు" అన్నారు. ఆమె భయపడి ఒట్టు పెట్టింది.

"మనసులో ఇంకో గుర్తు అనుకున్నాను. తెల్లారేసరికి పిల్లకి జ్వరం. అందుకే కాబోలు" అని కళ్ళు తుడుచుకుంది.

"మా వీధిలో బైబిలు తెచ్చారు" అంది ఒకామె. "మా ఇంట్లో ఖురాను మీద ప్రమాణం చెయ్యమన్నారు" అంది ఇంకొకామె. తీరా చూస్తే అన్ని వీధులకీ వచ్చింది ఆ పార్టీ వాళ్ళే!

"అక్కా, ముందు పిల్లను ఆస్పత్రిలో చూపించు. జ్వరం దోమల వల్ల వస్తుంది, చెడ్డనీళ్ళ వల్ల వస్తుంది. ఓటు వల్ల రాదు" అంది టీచరమ్మ. తర్వాత చట్టం సంగతి చెప్పింది.

1951లో ప్రజాప్రాతినిధ్య చట్టం వచ్చింది. అందులో 123వ సెక్షన్ ఉంది. ఓటు వెయ్యకపోతే దేవుడికి కోపం వస్తుందని భయపెట్టడం తప్పని అందులో రాసి ఉంది. "మా మతంవాడికే వెయ్యండి" అని అడగకూడదు. "ఆ మతంవాడికి వెయ్యొద్దు" అని కూడా అనకూడదు. అభ్యర్థి గానీ, అతను ఒప్పుకోగా ఇంకొకరు గానీ ఈ పని చేసినట్టు హైకోర్టులో రుజువైతే, గెలిచినా ఆ గెలుపు చెల్లదు.

2017లో సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీలు ఈ సంగతి విచారించారు. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని నలుగురు అన్నారు. ముగ్గురు ఒప్పుకోలేదు. నలుగురి మాటే తీర్పయింది.

"అయితే దేవుణ్ణి నమ్మొద్దా?" అంది ఒక ముసలమ్మ.

"ఎందుకు నమ్మొద్దు పెద్దమ్మా? గుడికి పోవచ్చు, మసీదుకు పోవచ్చు, చర్చికి పోవచ్చు. ఆ హక్కు రాజ్యాంగమే ఇచ్చింది. కానీ రేషను బియ్యం, కుళాయి నీళ్ళు, రోడ్డు అన్ని మతాల వాళ్ళవీ. వాటిని ఎవరు సరిగ్గా చూస్తారో చూసి ఓటు వెయ్యాలి."

"మరి ఐదొందలు?"

"ఇవ్వడం నేరం. తీసుకోవడమూ నేరమే."

"బియ్యం కొనేశాను" అంది ఆమె. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"ఎవరికి వేశానో వాళ్ళకు తెలిసిపోతుందా?" అని ఆమే అడిగింది.

"తెలియదు అక్కా. మీట నొక్కాక పక్క మిషన్లో చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది. నువ్వొక్కదానివే చూస్తావు. తర్వాత అది పెట్టెలో పడిపోతుంది."

"దేవుడు చూస్తాడుగా?"

"చూడనీవే" అంది ముసలమ్మ. "పసిపిల్ల మీద ఒట్టు పెట్టించిన వాళ్ళను కూడా చూశాడుగా!"

ఇలాంటివి జరిగితే 1950 నంబరుకు ఫోను చేసి ఎన్నికల అధికారులకు చెప్పొచ్చని టీచరమ్మ చెప్పింది. ఆమె ఆ నంబరు నోటుబుక్కులో రాసుకుంది. పిల్లను భుజాన వేసుకుని ఆస్పత్రికి బయల్దేరింది.

మాట్లాడుకోండి: మీ ఊళ్ళో ఓటు కోసం ఒట్లు పెట్టించారా? అప్పుడు ఆడవాళ్ళు ఏం చేశారు?