పంచాయతీ ట్రాక్టరు, తారు మచ్చలు

గ్రామములకు తారురోడ్లు వచ్చినవి. వానితోపాటు తారు మచ్చలును వచ్చినవి. 2000వ సంవత్సరము డిసెంబరులో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వలన, బురదదారి తప్ప వేరు దారి యెరుగని అనేక గ్రామములకు గట్టిరోడ్లు ఏర్పడినవి. తెలంగాణలో 2019లో మొదలైన పల్లె ప్రగతి క్రింద గ్రామపంచాయతీలు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూర్చుకొన్నవి. ఈ బండి ఊరి ఉమ్మడి ఆస్తి. కొత్తగా వేసిన రోడ్డుపై ఒక్కమారు పోయివచ్చినచో, దాని మడ్‌గార్డుల మీదను, ట్రాలీ అడుగు అంచులందును నల్లని చుక్కలు గట్టిగా అంటుకొని కనబడును. ఆ చుక్కల వలన కలుగు హాని స్వల్పము. వానిని తీయబోయి మనము చేయు హానియే ఎక్కువ.

మేమెరిగిన యొక పంచాయతీలో డ్రైవరు తారును స్క్రూడ్రైవరుతో గీకి తీసినాడు. తారు పోయినది, రంగును పోయినది. వానకాలము గడచునప్పటికి ఆ గీతలన్నియు తుప్పుదారులైనవి. అతనిని నిందించి ప్రయోజనము లేదు. అతనికి ఎవరును చెప్పియుండలేదు.

తారు నీటికి ఏల లొంగదో మొదట తెలియవలెను. అది ముడిచమురు నుండి వచ్చిన పదార్థము. చమురుజాతి వస్తువు చమురులోనే కరగును గాని నీటిలో కరగదు. మన రోడ్లకు విరివిగా వాడు వి.జి.-30 రకము తారు సుమారు 47 డిగ్రీల వేడికి మెత్తబడనారంభించును. వేసవి మధ్యాహ్నము రోడ్డు ఉపరితలము అంతకన్న వేడెక్కును గనుక, ఆ వేళ చక్రములు తారును ఎగజిమ్ముట సహజము. ఇందొక విశేషము కలదు. కంకర పరచుటకు ముందు చల్లు పలుచని తారు ద్రావణము మొదట గోధుమరంగుగా నుండును; అందులోని నీరు విడిపోయిన పిమ్మట నల్లబడును. గోధుమరంగున నున్నంతసేపు అది నీటితోనే పోవును. అప్పుడు రెండు బిందెల నీరు పోసినవారికి తరువాతి శ్రమ యంతయు తప్పును.

నల్లబడిన మచ్చకు పద్ధతి యిది. బండిని నీడన నిలిపి, రేకు చల్లబడనిండు. ముందుగా నీటితో దుమ్మును, ఇసుకను పూర్తిగా కడుగవలెను. ఇసుక మీద గుడ్డ రుద్దుట గరుకు కాగితముతో రుద్దినట్లే. తరువాత మెత్తని నూలుగుడ్డను వంటనూనెలో తడిపి మచ్చపై అద్ది, పది నిమిషములు విడువవలెను. మెత్తబడిన తారును ఒత్తక తుడిచి, ప్రతిమారును గుడ్డ మడత మార్చవలెను. లొంగనిచో మరల అద్దవలెనే గాని బలము చూపరాదు. పాత మచ్చకు డీజిలు గాని కిరసనాయిలు గాని గుడ్డకు కొద్దిగా అంటించి వాడవచ్చును; పిమ్మట వెంటనే సబ్బునీటితో కడుగవలెను. జిడ్డు నిలిచినచో దుమ్ము పట్టును. టైర్లకు, రబ్బరు గొట్టములకు ఈ నూనెలు తగులనీయరాదు. ట్యాంకరు మూత దగ్గర డీజిలు, కిరసనాయిలు అసలే వాడరాదు. ఆ నీరు త్రాగువారున్నారు.

పెట్రోలు త్వరగా పనిచేయునని కొందరందురు. నిజమే, దాని ఆవిరి అంతకన్న త్వరగా అంటుకొనును. గడ్డకట్టు చలిలో సైతము నిప్పురవ్వకు మండగల వస్తువును మన ఎండలో గుడ్డకు పట్టించి రుద్దుట తగదు. థిన్నరు తారుతో పాటు రంగును కూడ కరగించగలదు. డీజిలు, కిరసనాయిలు వాడునప్పుడును బీడీ, పొయ్యి దరిదాపుల నుండరాదు. పని ముగిసిన గుడ్డలను కుప్పగా వేయక, ఆరుబయట విప్పి ఆరవేసి, పిదప చెత్తషెడ్డుకు పంపవలెను. కడిగిన జిడ్డునీరు చెరువులోనికి గాని, బోరు దగ్గరకు గాని పోరాదు.

సిమెంటు చిందులు వేరు. అవి నూనెకు లొంగవు. తడి ఆరకమునుపే నీటితో కడుగవలెను.

రోడ్డు పని జరుగు దినమున చెత్తబండిని వేరు వీధుల మీదుగా త్రిప్పుటకు సభ్యులు ముందు సాయంకాలమే డ్రైవరుతో మాటలాడుట మంచిది. గుత్తేదారు తారు చల్లు వేళ సాధారణముగా ముందుగనే తెలియును, అడిగినచో చెప్పును.