యంత్రాన్ని నీళ్లలోకి దించి చూసే కొలువులు

అలల నుంచి కరెంటు తీసే యంత్రం కంప్యూటర్‌లో చక్కగానే తిరుగుతుంది. సముద్రంలో దించితే ఉప్పు తినేస్తుంది, గుల్లలు అతుక్కుంటాయి, లంగరు తాడు తెగుతుంది. ఒక్క పరీక్షకే ఖర్చు తడిసి మోపెడవుతుంది. చిన్న కంపెనీలు చతికిలపడేది అక్కడే. అందుకే ప్రభుత్వాలు ఆ పరీక్షల ఖర్చును భుజాన వేసుకుంటున్నాయి.

అమెరికా ఇంధన శాఖ నిధులతో 2020లో మొదలైన ‘టీమర్’ పథకాన్నే చూడండి. సముద్రపు అలలు, ఆటుపోట్లతో పాటు నదీ ప్రవాహంతో కరెంటు తీసే యంత్రాలకూ ఇది సాయం చేస్తుంది. ఎంపికైన కంపెనీ చేతిలో డబ్బు పెట్టరు. పరీక్ష చేసిపెట్టే ల్యాబుకో, యూనివర్సిటీకో ఇస్తారు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు గమనించాల్సింది ఇదే. కొత్త యంత్రం కనిపెట్టినవాళ్లకే కాదు, దాన్ని కొలిచేవాళ్లకూ ఇక్కడ పని ఉంది.

ఏం నేర్చుకోవాలి? సెన్సర్లను సరిచూసి బిగించడం, లోడ్ సెల్, స్ట్రెయిన్ గేజ్ రీడింగులు తీయడం, ఆ డేటాను పైథాన్‌లోనో మ్యాట్‌ల్యాబ్‌లోనో విశ్లేషించడం. మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్ వాళ్లెవరైనా రావచ్చు. యంత్రం చప్పుడు చేపలను బెదరగొడుతుందా అని చూడాలి కాబట్టి జీవశాస్త్రం చదివినవాళ్లకూ చోటుంది. అలాస్కాలో క్విచాక్ నది ఒడ్డున ఇగ్యుగిగ్ అనే చిన్న పల్లె ఉంది. డీజిల్ జనరేటర్ల మీద బతికే ఆ ఊరు 2019లో ఆనకట్ట లేకుండానే నదిలో టర్బైన్ దించింది. సాల్మన్ చేపలే జీవనాధారమైన ఆ ఊరికి ఈ చేపల లెక్క కరెంటు లెక్కంత ముఖ్యం.

మన దగ్గర ఈ పని కొత్తదేం కాదు. కేరళలోని విళింజంలో 1991లోనే 150 కిలోవాట్ల అలల విద్యుత్ కేంద్రం నడిపారు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, ఎన్ఐఓటీ, ఈ రంగంలో పనిచేస్తోంది. చదువుకైతే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఉన్నాయి, చెన్నైలో ఐఐటీ మద్రాస్ ఉంది. ఎంఎస్‌కు అమెరికా వెళ్లేవాళ్లు ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వైపు చూడాలి. సముద్రంలో అలల యంత్రాలను పరీక్షించే పాక్‌వేవ్ కేంద్రం వాళ్లదే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇది చిన్న రంగం. సర్కారు మారితే నిధులూ మారతాయి. కాబట్టి కొలతల పనిలో చెయ్యి తిరిగేలా సాధన చేయండి. పోర్టుల్లో, షిప్‌యార్డుల్లో, సముద్రపు గాలిమరల దగ్గర కూడా అదే పని అక్కరకొస్తుంది.

టీమర్ పరీక్షల ఫలితాలను అందరికీ అందుబాటులో పెట్టాలన్నది నియమం. ‘మెరైన్ అండ్ హైడ్రోకైనెటిక్ డేటా రిపాజిటరీ’లో అవి ఉచితంగా దొరుకుతాయి. కాకినాడలో బీటెక్ ఆఖరి ఏడాది చదివే అమ్మాయి కూడా వాటిలో ఒక ఫైలు తెరిచి, అల ఎత్తు పెరిగేకొద్దీ కరెంటు ఎలా మారిందో గ్రాఫు గీసి, అదే ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు. ఇంటర్న్‌షిప్‌కు రాసే ఉత్తరానికి ఆ గ్రాఫు జతచేయండి.