ఫోన్ ఇచ్చే ర్యాండమ్ నంబర్‌ని ఎక్కడ నమ్మొచ్చు?

మాది అమలాపురం. ముక్తేశ్వరం రేవులో కోటిపల్లి పంటు కోసం ఎంతసేపు ఆగాల్సొస్తుందో చూద్దామని పైథాన్‌లో చిన్న సిమ్యులేషన్ రాశాను. బండ్లు ఏ నిమిషానికి వస్తాయో ముందే తెలీదు కదా, అందుకే ర్యాండమ్ నంబర్లు కావాలి.

పైథాన్‌లోని ర్యాండమ్ మాడ్యూల్ వెనక ఉన్నది మెర్సెన్ ట్విస్టర్. జపాన్‌కి చెందిన మాట్సుమొటో, నిషిమురా 1997లో తయారుచేశారు. ఇది చీటీ తియ్యదు, లెక్క కడుతుంది. ఆ లెక్క మొదలయ్యే అంకె పేరు సీడ్. సీడ్ 42 ఇస్తే ఎన్నిసార్లు రన్ చేసినా అదే వరుస వస్తుంది. సిమ్యులేషన్‌కి ఇది వరం: ఒక పంటు, రెండు పంట్లు, రెండిటినీ అదే రద్దీ మీద పోల్చొచ్చు. బగ్ వస్తే మళ్లీ అక్కడే పట్టుకోవచ్చు.

అదే గుణం తీర్థంలో తీసే లక్కీ డ్రాకి ముప్పు. యాప్ సెకన్లలో టైమ్‌ని సీడ్‌గా వాడిందనుకోండి. రోజుకి ఉన్నవి 86,400 సెకన్లే. మొదటి రెండు మూడు విన్నర్ల నంబర్లు తెలిస్తే, మామూలు ల్యాప్‌టాప్‌లో సీడ్లన్నీ వేసి చూసి మిగతా విన్నర్లని ముందే చెప్పేయొచ్చు.

ఇది ఉత్త భయం కాదు. ఆండ్రాయిడ్‌లో సెక్యూర్ ర్యాండమ్‌కి సీడ్ సరిగ్గా పడని లోపం 2013 ఆగస్టులో బయటపడింది. దానివల్ల కొన్ని వాలెట్ల నుంచి బిట్‌కాయిన్లు పోయాయి.

కాబట్టి సిమ్యులేషన్‌కి ర్యాండమ్ వాడండి, సీడ్ రాసిపెట్టుకోండి. ఓటీపీ, పాస్‌వర్డ్, డ్రా అయితే పైథాన్ 3.6 నుంచి ఉన్న సీక్రెట్స్ మాడ్యూలే వాడండి. అది ఆపరేటింగ్ సిస్టమ్ పోగేసిన, ఊహకందని అంకెలు తెచ్చిస్తుంది.