విచారింపక కొట్టివేయకుము

పెనుగొండ.

చిరంజీవియైన మేనల్లునకు మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరమును, దానితో పంపిన లెక్కల కాగితమును చేరినవి. త్రికోణమితీయ సమీకరణములు నిన్ను చీకాకు పఱచుచున్నవని వ్రాసితివి. కాగితమును సావధానముగా చదివిన మీదట, నీకు కొఱవడినది సూత్రజ్ఞానము కాదనియు, శూన్యము పట్ల నుండవలసిన జాగరూకత మాత్రమే యనియు నాకు తోచినది.

సైన్ 2తీటా = సైన్ తీటా అను లెక్కను చూడుము. ఎడమ ప్రక్కను 2 సైన్ తీటా కాస్ తీటాగా మార్చుట యుక్తమే. పిమ్మట ఇరువైపుల నున్న సైన్ తీటాను కొట్టివేసి, కాస్ తీటా = 1/2 అని తేల్చి, 60, 300 డిగ్రీలతో తృప్తిపడితివి. కొట్టివేయుట యనగా భాగించుటయే గదా! సైన్ తీటా సున్న యగునెడల ఆ భాగహారమున కర్థమే లేదు. అట్లుగాక సమస్తమును ఒక ప్రక్కకు తెచ్చి, సైన్ తీటా (2 కాస్ తీటా − 1) = 0 అని వ్రాసియుండినచో, రెండు కారణాంకముల లబ్ధము సున్న యగుటకు వానిలో ఏదైన నొకటి సున్న కావలయును గనుక, మొదటిదాని వలన 0, 180 డిగ్రీలును లభించి, ఒక్క పరిభ్రమణములోని నాలుగు మూలములును చేతికి వచ్చియుండెడివి. సాధారణ సాధనలో 180 డిగ్రీల పూర్ణాంక గుణిజములన్నియు నీకు జాఱిపోయినవి.

ఇందులకు కుంగవలదు. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహములో, శూన్యముచే గుణించిన సంఖ్య శూన్యమగునని సరిగనే చెప్పియు, శూన్యముచే భాగించిన సంఖ్య మాఱక నిలుచునని వ్రాసెను; ఈ రెండవ మాట నిలువలేదు. పావులూరి మల్లన తెలుగు పద్యములలో గణితము చెప్పుటకు ఆధారము చేసికొన్నది ఆ గ్రంథమునే. అంతటి ఆచార్యుడు తడబడిన తావున నీవు నిదానించుట చిన్నతనము కాదు, వివేకము.

అయినను ప్రతి కారణాంకమును మూలము నిచ్చునని భ్రమపడకుము. 2 సైన్² తీటా = 3 కాస్ తీటా అనునపుడు, సైన్² తీటాకు బదులు 1 − కాస్² తీటా నుంచి, (2 కాస్ తీటా − 1)(కాస్ తీటా + 2) = 0 అని విడదీయుదుము. కాస్ విలువ −1 కంటె తగ్గదు, 1 కంటె మించదు గాన, −2ను చూపు రెండవ కారణాంకమును త్యజించుట న్యాయము. ఇది విచారించి విడుచుట. నీవు చేసినది విచారింపకయే విడుచుట.

కావున దేనినైన కొట్టివేయబోవునపుడెల్ల, అది సున్న కావచ్చునా యని ప్రశ్నించుకొనుము; వచ్చిన ప్రతి మూలమును మొదటి సమీకరణమున ప్రతిక్షేపించి సరిచూడుము. తక్కిన లెక్కలను ఈ రీతిని మరల చేసి పంపుము, దిద్దెదను. దసరా సెలవులకు వచ్చినపుడు నగరేశ్వరస్వామి దర్శనము చేసికొని, వర్గసమీకరణములుగా మాఱు లెక్కలను ఇరువురము కూర్చుండి సాధింతము.

ఇట్లు,
మామయ్య